ఇజాబే చిన్న బొమ్మలు: గోడ మీద కాదు, అరచేతిలో పెట్టుకుని చూడాలి

మీరు ఒకేసారి మూడు ప్రశ్నలు అడిగారు. పారిస్‌లో లూవ్ర్ మ్యూజియానికి వెళ్ళి ఫ్రెంచ్ చిత్రకారుడు జాఁ బాప్తీస్త్ ఇజాబే వేసిన చిన్న చిన్న ముఖచిత్రాలు చూశానన్నారు. అగ్గిపెట్టెంత బొమ్మలు వేసిన మనిషిని అంత గొప్పవాడని ఎందుకంటారని మొదటి ప్రశ్న. రాజు కొలువులోనూ, ఫ్రెంచ్ విప్లవంలోనూ, నెపోలియన్ కొలువులోనూ, మళ్ళీ రాజు కొలువులోనూ పని చేసినవాడు అవకాశవాది కాదా అని రెండోది. ‘ఇజాబే’ అని సంతకం ఉన్న నెపోలియన్ బొమ్మ ఒకటి ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టారు, కొనొచ్చా అని మూడోది. మూడోదానికి ముందే ఒక మాట: తొందరపడి డబ్బు పంపకండి. కారణం చివర్లో చెప్తాను. ఆయన పని ఎలా ఉండేదో తెలిస్తే సగం కారణం మీకే తోస్తుంది.

నేను ఇరవై ఏళ్ళకు పైగా కాగితం మీద, ఏనుగు దంతం మీద వేసిన పాత బొమ్మలను బాగుచేసే పనిలో ఉన్నాను. ఆ కాలపు బొమ్మలను అద్దం తీసి, భూతద్దం కింద పెట్టుకుని గంటల తరబడి చూసిన అనుభవంతో రాస్తున్నాను. అందుకే పుస్తకాల్లో రెండు ముక్కల్లో తేల్చేసే కొన్ని సంగతుల దగ్గర ఎక్కువసేపు ఆగుతాను. ఏమీ అనుకోకండి.

ముందు ‘మినియేచర్’ అన్న మాట సంగతి. దీన్ని మనం సూక్ష్మచిత్రం అంటాం కాబట్టి చిన్నది కనుకే ఆ పేరు వచ్చిందనుకుంటాం. అసలు ఆ మాట లాటిన్‌లోని ‘మినియం’ నుంచి వచ్చింది. మినియం అంటే సీసంతో చేసే ఎర్ర రంగు, మన సింధూరమే. చేత్తో రాసిన పాత పుస్తకాల్లో మొదటి అక్షరాలను ఆ ఎరుపుతో దిద్దేవాళ్ళు. ఆ పనికి వచ్చిన పేరు తర్వాత పుస్తకాల్లోని బొమ్మలకు, అక్కడి నుంచి విడిగా వేసే చిన్న బొమ్మలకు పాకింది. మన గోల్కొండ, హైదరాబాద్ చిత్రాలను కూడా మినియేచర్లే అంటాం కానీ వాటి దారి వేరు. అవి ఎక్కువగా ఆల్బమ్‌లో పెట్టుకుని, పేజీ తిప్పుతూ చూసే బొమ్మలు. ఫ్రెంచ్ వాళ్ళది ఒంటి మీద పెట్టుకునే బొమ్మ. లాకెట్‌లో, ఉంగరంలో, కంకణంలో, పొడుం డబ్బా మూత మీద ఉండేది. ఒక్క ముఖం, అదీ తెలిసిన ముఖం. భర్త యుద్ధానికి వెళ్తే భార్య మెడలో ఉండేది అదే. పెళ్ళి సంబంధం చూడాలన్నా పక్క దేశానికి ముందు వెళ్ళేది అదే.

ఇప్పుడు మీరు చూసినదాన్ని మళ్ళీ గుర్తు తెచ్చుకోండి. గాజు పెట్టెలో, మసక వెలుతురులో, పదులకొద్దీ బొమ్మలు వరసగా పేర్చి ఉంటాయి. మనం రెండడుగుల దూరంలో నిలబడి తొంగిచూస్తాం. ఆ బొమ్మ అలా చూడటానికి వేసింది కాదు. అరచేతిలో పెట్టుకుని, కిటికీ దగ్గరకు వెళ్ళి, ఇటూ అటూ వంచుతూ చూడటానికి వేసింది. వంచినప్పుడు దంతంలోంచి వెలుగు కదులుతుంది, బుగ్గకు ప్రాణం వస్తుంది. మ్యూజియంలో అది కుదరదు. వెలుతురు ఎక్కువైతే రంగులు చెడతాయి కనుక వాళ్ళను తప్పుపట్టలేం. మీకు అవి బోసిగా అనిపించడానికి అసలు కారణం ఇదే.

ఇజాబే 1767 ఏప్రిల్ 11న నాన్సీలో పుట్టాడు. ఫ్రాన్స్‌లో తూర్పు వైపు లొరేన్ ప్రాంతంలో ఉన్న ఊరు అది. వర్తకుల కుటుంబం. ఊళ్ళోనే చిత్రలేఖనం నేర్చుకుని, పద్దెనిమిదేళ్ళప్పుడు 1785లో పారిస్ చేరాడు. తమ ప్రాంతం నుంచే వచ్చి అక్కడ పేరు తెచ్చుకున్న మినియేచర్ చిత్రకారుడు ఫ్రాన్స్వా ద్యుమోఁ దగ్గర కొన్నాళ్ళు, ఆ తర్వాత జాక్ లూయీ దావీద్ దగ్గర శిష్యరికం చేశాడు. దావీద్ అంటే గోడంత పటాల్లో రోమన్ వీరులను వేసే గురువు. ఆయన దగ్గర చదువుకుంటూ ఇజాబే పొట్టకూటికి ఏం చేశాడంటే, పొడుం డబ్బాల మూతల మీద, కోటు గుండీల మీద బొమ్మలు వేశాడు. అప్పట్లో మగవాళ్ళ కోట్లకు రూపాయి బిళ్ళ కంటే పెద్ద గుండీలు పెట్టుకోవడం ఫ్యాషన్. వాటి మీద మన్మథుళ్ళు, పూలు, తోటలు వేయించుకునేవాళ్ళు.

ఈ గుండీల సంగతిని నేను చిన్నదిగా తీసుకోను. గుండీ మీద వేసేవాడికి తప్పు దిద్దుకునే చోటుండదు. వేలి గోరంత జాగాలో కొమ్మ, ఆకు, ఆకు మీద ఎండ పడాలి. కుంచెను ఎంత తేలిగ్గా తాకించాలో చేతికి పట్టుబడేది అక్కడే. త్వరలోనే రాజభవనం ఉన్న వెర్సాయ్ నుంచి పిలుపు వచ్చింది. రాజు తమ్ముడి కొడుకులిద్దరి బొమ్మలు వేశాడు, మరీ ఆంత్వానెత్ రాణి బొమ్మా వేశాడు. ఇరవై రెండేళ్ళు వచ్చేసరికి పనికి లోటు లేదు. సరిగ్గా అప్పుడే 1789, అంటే విప్లవం, వచ్చిపడింది.

విప్లవంలోకి వెళ్ళేముందు దంతం సంగతి చెప్పాలి. అది తెలియకపోతే ఆయన తర్వాత చేసిన సాహసం అర్థం కాదు. పదిహేడో శతాబ్దం దాకా ఈ చిన్న బొమ్మలను ఎక్కువగా లేతదూడ తోలు మీద వేసేవాళ్ళు. లోహం మీద గాజురంగులు కాల్చి వేసే ఎనామెల్ పని వేరుగా ఉండేది. 1700 ప్రాంతంలో వెనిస్ చిత్రకారిణి రొసాల్బా కార్రియేరా దంతపు బిళ్ళ మీద నీటిరంగులు వాడటం మొదలుపెట్టింది. కొద్ది కాలంలోనే యూరప్ అంతా ఆ దారి పట్టింది. కారణం చాలా సూటిగా ఉంటుంది. దంతం రంగు మనిషి చర్మానికి దగ్గర. పల్చగా కోస్తే వెలుగు లోపలికి వెళ్ళి తిరిగి వస్తుంది. ముఖంలో వెలుతురు పడే చోట చిత్రకారుడు ఏమీ వెయ్యడు, లేదా వేసీ వెయ్యనట్టు వేస్తాడు. ఆ మెరుపు దంతానిదే.

కానీ దంతం మీద నీటిరంగు నిలవదు. నున్నగా, జిడ్డుగా ఉంటుంది. నీళ్ళు తామరాకు మీద బొట్టులా జారిపోతాయి. అందుకని బిళ్ళను ముందు నురగరాయి పొడితో రుద్ది, జిడ్డు పోగొట్టి, ఒక రకమైన మసక గరుకుతనం తెస్తారు. రంగులో తుమ్మజిగురు కొంచెం ఎక్కువ కలుపుతారు. ఇక కుంచెతో పూయరు. పూస్తే కింద వేసిన పొర కరిగి లేచిపోతుంది. అందుకే చుక్కలు, సన్న గీతలు. ఒక చుక్క పెట్టడం, ఆరనివ్వడం, పక్కన ఇంకో చుక్క పెట్టడం. నీడ కావలసిన చోట చుక్కలు దగ్గరవుతాయి, వెలుగు కావలసిన చోట దూరమవుతాయి. కణత దగ్గర లేత నీలం చుక్కలు, చుబుకం కింద ఆకుపచ్చ ఛాయ, చెవి తమ్మె దగ్గర ఎరుపు. మామూలు కంటికి ఇవేవీ కనబడవు. ఒక ముఖమే కనబడుతుంది. కోటుకూ, వెనక తెరకూ మాత్రం తెలుపు కలిపిన మందపాటి రంగు వాడతారు. ఆ మందం పక్కన ముఖం ఇంకా తేలిగ్గా, లోపలి నుంచి వెలిగినట్టు కనబడుతుంది. కొందరు బిళ్ళ వెనక వెండిరేకు కూడా పెట్టేవాళ్ళు, వెలుగు ఇంకాస్త తిరిగి రావాలని.

ఆ ముఖం ఎంత సున్నితమో నాకు ఉద్యోగం కొత్తల్లోనే తెలిసింది. ఒక ఇంటివాళ్ళు దంతం మీద వేసిన విదేశీ స్త్రీ బొమ్మ ఒకటి తెచ్చారు. తెచ్చేముందు ‘శుభ్రంగా ఉంటుందని’ అద్దం ఊడదీసి తడిగుడ్డతో ఒక్కసారి తుడిచారట. నీలం గౌను అలాగే ఉంది. జుట్టు చాలావరకు ఉంది. ఒక కన్ను ఉంది. ఎడమ బుగ్గ, ముక్కు, పెదవుల్లో సగం మాత్రం లేవు. అక్కడ తెల్లటి దంతం మెరుస్తోంది. గుడ్డ మీద చూస్తే లేత గులాబీ మరక, చిటికెన వేలి గోరంత. రెండు వందల ఏళ్ళ ముఖం ఆ మరకలోకి వెళ్ళిపోయింది. ఆ పెద్దావిడ ‘బాగుచెయ్యొచ్చు కదమ్మా’ అని అడిగింది. కొత్తగా వేసి ఇవ్వొచ్చు, కానీ అది ఆ మనిషి ముఖం కాదు, నా ఊహ అవుతుంది. ఆ మాట ఆవిడకు ఎలా చెప్పాలో తెలియక చాలాసేపు ఊరుకున్నాను. అప్పటి నుంచి ఎవరింట్లో దంతపు బొమ్మ ఉందన్నా నేను మొదట చెప్పేది ఒకటే: అద్దం తియ్యకండి, నీళ్ళు తగలనివ్వకండి, బాత్‌రూమ్ గోడకు, వంటింటి గోడకు, ఏసీ ఎదురుగా పెట్టకండి. తేమ మారితే దంతం వంకర తిరుగుతుంది, పగులుతుంది. తుమ్మజిగురు మీద బూజు పడుతుంది. ఎండ తగిలితే పురుగుల నుంచి తీసిన ఆ ఎరుపు ముందు వెలిసిపోతుంది. పాత బొమ్మల్లో మనుషులు జబ్బుపడి లేచినట్టు పాలిపోయి కనిపిస్తే అది చిత్రకారుడి తప్పు కాదు, బుగ్గల్లోని ఎరుపు పోయింది.

సరే, విప్లవం. రాణి బొమ్మ వేసిన చెయ్యికి ఆ రోజుల్లో ప్రమాదం తప్పదనే అనిపిస్తుంది. ఇజాబే మాత్రం పని ఆపలేదు. జాతీయ శాసనసభ సభ్యుల ముఖాలు అచ్చు వెయ్యడానికి వరసగా గీసి ఇచ్చాడు. వజ్రాలు పొదిగిన లాకెట్లు చేయించుకునేవాళ్ళు దేశం వదిలి పారిపోయారు కనుక కాగితం మీద నల్ల బొగ్గు పెన్సిల్‌తో పెద్ద డ్రాయింగులు మొదలుపెట్టాడు. గీతలను కాగితపు చుట్టతో మెత్తగా రుద్ది పొగమంచులా చేసే పద్ధతి అది. చూస్తే అచ్చు తీసిన చిత్రంలా, వెల్వెట్ గుడ్డలా ఉంటుంది. చుక్కల పని చేసిన చెయ్యికి ఇన్ని రకాల నలుపులు ఎలా సాధ్యమయ్యాయా అని నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఈ కాలంలోనే జరిగిన ఒక సంగతి ఆయన మనసు ఎలాంటిదో చెబుతుంది. ఫ్రాన్స్వా జెరార్ అనే తోటి చిత్రకారుడు, ఇద్దరూ దావీద్ శిష్యులే, 1795లో ‘బెలిసేరియస్’ అనే పెద్ద పటం వేశాడు. మెచ్చుకున్నవాళ్ళే కానీ కొన్నవాళ్ళు లేరు. జెరార్ చేతిలో చిల్లిగవ్వ లేదు. ఇజాబే తన డబ్బు పెట్టి ఆ పటం కొన్నాడు. తర్వాత దాన్ని డచ్ రాయబారికి ఎక్కువ ధరకు అమ్మి, ఆ మిగులంతా తెచ్చి జెరార్ చేతిలో పెట్టాడు. జెరార్ ఆ మేలుకు కృతజ్ఞతగా ఇజాబే బొమ్మ వేశాడు. కూతురి చెయ్యి పట్టుకుని, పక్కన కుక్కతో, నిలువెత్తు మనిషి. ఆ పటం మీరు వెళ్ళిన లూవ్ర్‌లోనే ఉంది. ఈసారి వెళ్తే చిన్న బొమ్మల గది కంటే ముందు దాని దగ్గరకు వెళ్ళండి. జీవితమంతా అరచేతిలో పట్టే ముఖాలు వేసిన మనిషి అక్కడ మన ఎత్తుకు మన ఎదురుగా నిలబడి ఉంటాడు. లూయీ బ్వాయీ 1798లో వేసిన ‘ఇజాబే స్టూడియోలో కళాకారులు’ అన్న పటం కూడా అక్కడిదే. చిత్రకారులు, శిల్పులు, నటులు, సంగీతకారులు అందరూ ఆయన గదిలో గుమిగూడి ఉంటారు. స్నేహితులను కూడగట్టే మనిషని దాంట్లో చూస్తేనే తెలుస్తుంది.

నెపోలియన్ దగ్గరకు ఎలా చేరాడన్నది మీ రెండో ప్రశ్నకు ముఖ్యం. మరీ ఆంత్వానెత్ దగ్గర పని చేసిన మదాం కాంపాన్, విప్లవ నాయకుడు రోబెస్పియర్ పతనం తర్వాత, పారిస్ పక్కన సేంజెర్మేన్ ఆన్‌లేలో ఆడపిల్లల బడి పెట్టింది. అందులో డ్రాయింగ్ మాస్టారు ఇజాబే. ఆయన దగ్గర నేర్చుకున్న పిల్లల్లో ఓర్తాన్స్ ఒకతె. ఆ పిల్ల తండ్రిని 1794 జూలైలో గిలటిన్‌కు పంపారు. తల్లి జోసెఫీన్ అప్పుడు జైల్లో ఉండి బతికి బయటపడింది. ఆ విధవరాలు 1796లో బోనపార్ట్ అనే కుర్ర సేనానిని పెళ్ళాడుతుందని, ఆయన చక్రవర్తి అవుతాడని ఎవరికి తెలుసు? ఇజాబే ఆ ఇంటికి అధికారం వెతుక్కుంటూ వెళ్ళలేదు. డ్రాయింగ్ మాస్టారుగా తెలిసిన ఇంటికి అధికారమే తర్వాత వచ్చింది.

నెపోలియన్ బొమ్మ కోసం కుదురుగా కూర్చునే రకం కాదు. ఆయన తోటలో పచార్లు చేస్తుంటే ఇజాబే చూసి పట్టుకున్న డ్రాయింగే ‘మాల్మెజాన్‌లో బోనపార్ట్’. మాల్మెజాన్ అంటే ఆయనా జోసెఫీనూ ఉన్న ఇల్లు. మొదటి కాన్సల్‌గా, అంటే చక్రవర్తి కాకముందు దేశాన్ని ఏలుతున్నప్పటిది. ఒంటరిగా నిలబడి, ఏదో ఆలోచిస్తూ. దాన్ని చెక్కి అచ్చు వేస్తే ఎన్నో ఇళ్ళకు చేరింది.

ఇక పట్టాభిషేకం. 1804 డిసెంబర్ 2న నోత్రదామ్ చర్చిలో. వేడుక దుస్తుల నమూనాలన్నీ ఇజాబే చేతి మీదుగా వచ్చాయి. ఎవరు ఎక్కడ నిలబడాలి, ఎవరు ఎవరి వెనక నడవాలి అన్నదానికి బొమ్మలు వేసి చూపించమని నెపోలియన్ అడిగాడు. పోప్ వస్తున్నాడు, చేతిలో కొద్ది రోజులే ఉన్నాయి. వందల మందితో అన్ని డ్రాయింగులు ఎప్పటికి పూర్తవుతాయి? ఇజాబే పారిస్‌లోని బొమ్మల దుకాణాలకు వెళ్ళి చిన్న చిన్న బొమ్మలు కొన్నాడు. వాటికి రంగు కాగితాలతో చక్రవర్తి, రాణి, పోప్, సేనానులు, దాసీలు అందరి దుస్తులూ తొడిగాడు. చర్చి లోపలి ప్లాన్ పెద్ద కాగితం మీద గీయించి దాని మీద ఆ బొమ్మలు నిలబెట్టాడు. కొలువులోని పెద్దలంతా చుట్టూ చేరి, ఎవరి బొమ్మను వాళ్ళు జరుపుకుంటూ పట్టాభిషేకం రిహార్సల్ చేసుకున్నారు. మనవాళ్ళు బొమ్మల కొలువులో మెట్ల మీద రాజునూ రాణినీ సర్దినంత శ్రద్ధగా అక్కడ ఒక సామ్రాజ్యాన్ని సర్దారు. చిన్నదాన్లో పెద్దదాన్ని చూడగల కన్ను ఆయనకు గుండీల రోజుల నుంచీ ఉందని నేనంటాను.

ఆ తర్వాత జోసెఫీన్ ఆస్థాన చిత్రకారుడయ్యాడు. ఆమెకు విడాకులయ్యాక వచ్చిన మరీ లూయీజ్ రాణికి డ్రాయింగ్ నేర్పాడు. సెవ్ర్ పింగాణీ కర్మాగారానికి ‘మార్షల్స్ టేబుల్’ చేశాడు. నడుమ నెపోలియన్, చుట్టూ కిరణాల్లా సేనానుల ముఖాలు. ఆ రంగులు కొలిమిలో కాలాక మారిపోతాయి, కనుక ఆ పని దంతం కంటే వేరే రకం కష్టం. ఆ టేబుల్ ఇప్పుడు మాల్మెజాన్ మ్యూజియంలో ఉంది.

ఇక ఆయన్ను నేను ఎందుకు గొప్పవాడంటానో చెప్తాను. అది నెపోలియన్ బొమ్మల వల్ల కాదు. ఆయనకు పోటీగా జాఁ బాప్తీస్త్ ఓగుస్తాన్ ఉండేవాడు, ఎనిమిదేళ్ళు పెద్ద. దంతం మీద నునుపు, చర్మం, మెరుపు చూసుకుంటే ఓగుస్తాన్‌దే పైచెయ్యి అని నా అభిప్రాయం. ఆయన బొమ్మలో కనుపాప మీద వెలుగు చుక్క చూస్తే తడిగా ఉందేమో అనిపిస్తుంది. ఇజాబే ఆ దారిలో ఇంకా లోపలికి వెళ్ళలేదు. దంతాన్నే వదిలేసి కాగితం పట్టుకున్నాడు.

ఇది ఎంత తెగువో ఆలోచించండి. వెలుగంతా దంతం ఇస్తోంది. కొనేవాళ్ళకు దంతమే విలువైన వస్తువు. దాన్ని కాదని మామూలు తెల్ల కాగితం మీద, దంతపు బిళ్ళ కంటే పెద్ద కొలతలో, నీటిరంగులతో ముఖాలు వేయడం మొదలుపెట్టాడు. దంతపు బిళ్ళ ఎంత పెద్దగా కోసినా దాని వెడల్పుకు ఒక హద్దుంది. కాగితానికి లేదు. కాగితం మీద రంగు జారదు, ఇంకుతుంది. అందుకే చుక్కల కట్టుబాటు సడలి, కుంచెకు పరుగు వచ్చింది. ముఖం మాత్రం మునుపటి చుక్కలతోనే ఓపిగ్గా వేసేవాడు. ముఖం చుట్టూ ఉన్న మేలిముసుగు, పూలు, మేఘాలు, ఆకాశం ఒక్క ఊపులో తడితడిగా వేసేవాడు.

ఆ మేలిముసుగుల దగ్గర ఆగండి. 1810, 1820ల్లో ఆయన వేసిన స్త్రీల బొమ్మల్లో చాలామందికి తల మీంచి భుజాల మీదకు జారే పల్చటి తెల్లటి ముసుగు ఉంటుంది. దగ్గరగా చూస్తే అక్కడ తెలుపు రంగు చాలా తక్కువ. కాగితాన్ని అలాగే వదిలి, మడతల అంచుల్లో మాత్రం వెంట్రుకంత గీత వేశాడు. ముసుగు కింద ఉన్న జుట్టును ముసుగు లేని చోట ఉన్నదాని కంటే ఒక్క ఛాయ తగ్గించాడు. అంతే, గుడ్డ వచ్చేసింది. ఇందులో అందంగా చూపించే గుణం కూడా ఉంది, కాదనను. ఆయన చేతిలో ప్రతి స్త్రీ ఇరవై ఐదేళ్ళదే అవుతుంది. ఆ తీపి ఒక్కోసారి నాకు వెగటు పుడుతుంది. కానీ మెడలో వేసుకునే బొమ్మను గోడకు తగిలించే బొమ్మగా మార్చింది ఆయనే. ఆయన్ను చూసి తర్వాతి తరం కాగితం మీద ముఖచిత్రాలకు అలవాటు పడింది.

1814లో నెపోలియన్ ఓడిపోయాడు. ఫ్రెంచ్ మంత్రి టాలీరాండ్ సలహాతో ఇజాబే వియన్నా వెళ్ళాడు. యూరప్‌ను మళ్ళీ పంచుకోవడానికి రాజులు, మంత్రులు అక్కడ చేరారు. ఆ సమావేశాన్ని ఒకే చిత్రంలో చూపించే పని ఈయనది. ఇరవై ముగ్గురు పెద్దలు, ఒక్కొక్కరూ తానే ముఖ్యుణ్ణి అనుకునే మనుషులు. ఒక్కొక్కరి ముఖం విడిగా కూర్చోబెట్టి గీసుకుని, తర్వాత అందరినీ ఒక గదిలోకి చేర్చాడు. అందులో ఏ ఒక్కరినీ అందరి కంటే ముఖ్యుడిగా చూపించలేదు. ఆస్ట్రియా మంత్రి మెటర్నిక్ నిలబడి ఉంటాడు, బ్రిటిష్ మంత్రి కాసిల్‌రే కాలు మీద కాలేసుకుని కూర్చుని ఉంటాడు, టాలీరాండ్ బల్ల మీద చెయ్యి ఆనించి ఉంటాడు. మన కన్ను ఒకరి దగ్గర నిలవదు, గది చుట్టూ తిరుగుతుంది. 1815 ఫిబ్రవరిలో కాసిల్‌రే స్థానంలోకి బ్రిటిష్ సేనాని వెల్లింగ్టన్ వచ్చాడు. ఆయన్ను ఎడమ పక్క, అప్పుడే గదిలోకి అడుగుపెడుతున్నట్టు, ముఖం పక్కకు తిరిగినట్టు పెట్టాడు. ఆలస్యంగా వచ్చిన మనిషి చిత్రంలోనూ ఆలస్యంగానే వస్తున్నాడు. ఆ డ్రాయింగ్ ఇప్పుడు బ్రిటిష్ రాజకుటుంబ సేకరణలో ఉంది. జాఁ గొద్‌ఫ్రవా దాన్ని చెక్కి 1819లో అచ్చు తీశాడు. చరిత్ర పుస్తకాల్లో వియన్నా కాంగ్రెస్ అనగానే కనబడేది ఆ బొమ్మే.

అదే వియన్నాలో ఇజాబే ఇంకో బొమ్మ కూడా వేశాడు. తల్లితో పాటు అక్కడ ఉండిపోయిన నెపోలియన్ కొడుకుది, నాలుగేళ్ళ లోపు పిల్లవాడు. తండ్రి ఎల్బా దీవిలో ప్రవాసంలో ఉన్నాడు. చుట్టూ ఆ తండ్రిని ఓడించినవాళ్ళున్న ఊళ్ళో, వాళ్ళ బొమ్మే వేయడానికి వచ్చిన మనిషి, ఓడినవాడి బిడ్డ ముఖాన్ని శ్రద్ధగా పట్టుకోవడం చిన్న విషయం కాదు. అవకాశవాది అన్న మాట వినగానే నాకు ఆ పిల్లవాడే గుర్తొస్తాడు.

ఇజాబేకు కొలువంటే ఇష్టమే. దర్జా ఇష్టం, మంచి బట్టలు ఇష్టం, పండగలూ నాటకాలూ ఇష్టం. వాటి కోసం తలవంచిన రోజులు కూడా ఉండే ఉంటాయి. నేను ఆయన్ను ఋషిని చెయ్యడం లేదు. కానీ ఆయన గురువు దావీద్‌తో పోల్చి చూడండి. దావీద్ రాజును చంపాలని ఓటు వేశాడు, విప్లవంలో నాయకుడయ్యాడు, నెపోలియన్‌ను ఆకాశానికెత్తాడు. చివరికి రాజులు తిరిగి వచ్చాక బ్రసెల్స్‌లో ప్రవాసంలోనే 1825లో చనిపోయాడు. ఇజాబే ఎవరి చావుకూ ఓటు వెయ్యలేదు. ఎవరి మీదా కరపత్రం రాయలేదు. ప్రభుత్వం మారినప్పుడల్లా ఎవరో ఒకరు ఇల్లు వదిలి వెళ్తారు, ఎవరో ఒకరు ఇంటికి తిరిగి వస్తారు. ఇద్దరికీ దగ్గరివాళ్ళ ముఖం కావాలి. ఆ పని చేసేవాణ్ణి ‘నువ్వు ఏ పక్షం’ అని అడగడం, ఊళ్ళో ఫోటో స్టూడియో అతన్ని ఎన్నికల తర్వాత నిలదీసినట్టు ఉంటుంది.

తర్వాతి సంగతులు త్వరగా చెప్పేస్తాను. తిరిగి వచ్చిన రాజుల దగ్గరా పని దొరికింది. లూయీ ఫిలిప్ రాజు కాలంలో రాజ మ్యూజియంలలో చిన్న పదవి ఇచ్చారు. నెపోలియన్ 3 చక్రవర్తి అయ్యాక పెన్షన్‌తో పాటు ఫ్రాన్స్ ప్రభుత్వ గౌరవమైన లెజియన్ ద హానర్‌లో కమాండర్ బిరుదు ఇచ్చాడు. ఆ చక్రవర్తి ఎవరనుకున్నారు? బడిలో ఇజాబే దగ్గర పెన్సిల్ పట్టుకోవడం నేర్చుకున్న ఓర్తాన్స్ కొడుకు. ఇజాబే కొడుకు యూజీన్ సముద్రం బొమ్మలకు పేరు పొందాడు. తండ్రిది అరచేయంత ముఖమైతే, కొడుకుది తుఫాను, తెరచాప, పెద్ద అల.

1839లో డగెర్ అనే ఫ్రెంచ్ ఆయన ఫోటో తీసే పద్ధతిని ప్రపంచానికి ప్రకటించారు. అప్పటికి ఇజాబేకు 72 ఏళ్ళు. ఇరవై ఏళ్ళు తిరక్కుండానే మినియేచర్ వేసేవాళ్ళ చేతి పని పోయింది. చాలామంది ఫోటో స్టూడియోల్లో చేరి నలుపు తెలుపు బొమ్మల బుగ్గలకు రంగులద్దారు. ఇజాబే 1855 ఏప్రిల్ 18న పారిస్‌లో కన్నుమూశాడు. 88 నిండి వారం రోజులు.

ఇప్పుడు మీ ఆన్‌లైన్ బొమ్మ సంగతి. నెపోలియన్ తన ముఖం ఉన్న పొడుం డబ్బాలను వజ్రాలు పొదిగించి రాయబారులకు, సేనానులకు బహుమతిగా ఇచ్చేవాడు. అన్నీ ఒక్క చేత్తో కావు. ఇజాబే మూలం వేస్తే శిష్యులు, ఇతర చిత్రకారులు నకళ్ళు తీసేవాళ్ళు. అంటే ఆయన బతికుండగానే ‘ఇజాబే నెపోలియన్లు’ చాలా తిరిగాయి. తర్వాత పంతొమ్మిదో శతాబ్దం చివర నుంచి పారిస్‌కు వచ్చే యాత్రికుల కోసం నెపోలియన్, జోసెఫీన్ బొమ్మలు కుప్పలుగా చేసి, పక్కన ‘ఇజాబే’ అని రాసి అమ్మారు. మీరు పంపిన వివరాల్లో ‘దంతపు చట్రం, చదరంగా, కోణాల్లో ఇత్తడి పూలు’ అని ఉంది. నా అనుమానం అక్కడే. ఇలాంటి చట్రాలను పాత పియానో మెట్ల మీద అతికించిన దంతపు పలకలు ఊడదీసి చేసేవాళ్ళు. చట్రంలో పక్కపక్కనే అతుకులు కనిపిస్తే అది ఇజాబే తర్వాతి కాలపు అలంకార వస్తువు అనుకోండి.

అమ్మేవాణ్ణి ముఖానికి దగ్గరగా తీసిన ఫోటో అడగండి, కనీసం ఒక్క కన్నుదైనా. ఆ ఫోటోను పెద్దది చేసి చూడండి. బుగ్గ మీద చుక్కలన్నీ సమాన దూరంలో, ఒకే వరసలో తేనెపట్టులా కనిపిస్తే అది అచ్చు బొమ్మ, పైన కాస్త రంగు అద్దారు. చేత్తో వేసిన చుక్కలు అలా ఉండవు. ముక్కు పక్కన వంపుతో పాటు వంగుతాయి, చుబుకం కింద పొడవై గీతలవుతాయి. వెనక వైపు ఫోటో కూడా అడగండి. కింద ఉన్నది దంతమా, సెల్యులాయిడా (దంతంలా కనిపించే పాత రకం ప్లాస్టిక్) అన్నది అంచు చూస్తే తెలుస్తుంది. దంతంలో సన్నటి పొరల గీతలుంటాయి, కొద్దిగా వంకర కూడా తిరిగి ఉంటుంది. సెల్యులాయిడ్‌లో గీతలుండవు, ఉన్నా మరీ ఒకే తీరుగా ఉంటాయి.

ఇవన్నీ సరిపోయి, అది నిజంగా దంతమే అయితే ఇంకో అడ్డంకి ఉంది. మీరు హైదరాబాద్‌కు తెప్పించుకోవాలనుకుంటున్నారు. ఏనుగు దంతం వస్తువును అలా కొని పార్సిల్‌లో తెప్పించుకోవడానికి మన చట్టం ఒప్పుకోదు, ఎంత పాతదైనా. కస్టమ్స్ దగ్గర పట్టుకుంటే వస్తువూ పోతుంది, కేసూ మీద పడుతుంది. అమ్మేవాడు ‘యాంటిక్ కదా, ఏం కాదు’ అంటే నమ్మకండి.

ఆ డబ్బు దాచుకుని ఇంకోసారి యూరప్ వెళ్ళినప్పుడు లండన్‌లో వాలెస్ కలెక్షన్ చూడండి. ఇజాబే బొమ్మలు అక్కడ చాలా ఉన్నాయి, 1818లో వేసిన వెల్లింగ్టన్ కూడా. చిన్న బొమ్మలున్న పెట్టెల మీద వెలుతురు పడకుండా తోలు కప్పులుంటాయి. మనమే ఎత్తి చూసుకోవాలి. ఉదయం తలుపులు తీసే వేళకు వెళ్తే జనం ఉండరు. కప్పు ఎత్తాక వెంటనే చూడటం మొదలుపెట్టకండి. ఒక నిమిషం ఆగి కళ్ళను ఆ మసకకు అలవాటు పడనివ్వండి. తర్వాత మోకాళ్ళు వంచి, ముఖం అద్దానికి జానెడు దూరంలో పెట్టి, తలను మెల్లగా ఎడమ నుంచి కుడికి జరపండి. బొమ్మను వంచలేం కాబట్టి మనమే వంగాలి. బుగ్గ దగ్గర వెలుగు కదిలితే, మళ్ళీ ఇక్కడికి వచ్చి ఎలా ఉందో రాయండి. ఎదురుచూస్తుంటాను.